ఏం గాదు

కొరియర్ల వచ్చింది ఉత్తరం.
వెల్డింగు అద్దాలు నెత్తిమీదికి నెట్టుకొని
నిలబడే చదివిన.
ఫలానా నెలల చేసిన గ్యాస్ రెగ్యులేటర్లు,
లోపలి రబ్బరు పొర
బండి కుదుపుకు చీలే అవకాశం ఉన్నదట.
వెంటనే వాడకం ఆపించాలట.
బదులు కొత్తవి ఉత్తగనే ఇస్తరట.
కింద సంతకం లేదు, ముద్ర ఉన్నది.

ములుగు రోడ్డు మీద నా షెడ్డు.
పాత స్కూలు బస్సులు, టెంపోలు
నా చేతుల ఇండ్లయితయి.
సీట్లు పీకిన కాడ మంచం,
పోరగాండ్ల సంచులు వేలాడిన కాడ పొయ్యి,
వెనక తలుపు పక్కన
ఎర్ర సిలిండరుకు ఒక గూడు.
తాళంచెవి చేతుల పెడుతుంటే
అందరు ఒక్కటే అడుగుతరు:
"గ్యాసుతోని ఏమన్న అయితదా అన్నా?"
అందరికి ఒక్కటే చెప్పిన:
"ఏం గాదు."

బిల్లుబుక్కు తీసిన.
కార్బన్ కింద నీలంగ పదకొండు పేర్లు,
సగం చెరిగినయి.

ఊర్లల్ల కండ్లు చూసే హుజూరాబాదు డాక్టరమ్మ
ఫోనుల ఉండంగనే నర్సును కేకేసింది,
వాల్వు బిగిసిన కిర్రు నాకు ఇనవడ్డది.
జమ్మికుంట పత్తి బేరగాడు నవ్విండు:
"ఆర్నెల్ల సంది చాయ్ కాస్తున్న, ఏం గాలే గద!"
నా మాటనే నా మొకాన కొట్టిండు.
పెండ్లిళ్ళకు వంట చేసే పరకాల లస్మమ్మ
"సరే గని, రేపటి రెండొందల ఆకులకు
నువ్వొచ్చి వండుతవా?" అన్నది.
ఆ రాత్రే మోపెడ్ మీద పోయిన.
ఆమె ఉల్లిగడ్డలు కోసుకుంట
నేను నట్లు ఇప్పుతుంటే చూసింది,
ఒక్క మాట అనలే.
యాకూబ్ పాషా తన పసుపు బండి అమ్ముకున్నడు.
కొన్నోని పేరు యాదికి లేదట,
మీసాలు యాదికున్నయట.

మందమర్రి రాజమొగిలి.
ముప్పై ఒక్క ఏండ్లు బొగ్గుబాయిల దిగి
వచ్చిన పైసలతోని బండి కట్టించుకున్నోడు,
ఇంటామెకు సముద్రం చూపిస్తనని.
ఇషయం చెప్పిన. కొంచెంసేపు దగ్గిండు.
"నువ్వు తాళంచెవి ఇచ్చిన నాడే ఇప్పి పడేసిన ఓదేలూ.
బండి ఆపిన కాడ మూడు రాళ్ళు పెట్టుకొని
కట్టెల మీదనే వండుకుంటున్నం."
ఎందుకు కాకా అన్న.
"బాయిల గ్యాసుకు వాసన ఉండది.
దీపం ఒత్తి తగ్గించి
మంట మీద నీలి టోపీ లేస్తదా అని చూస్తం.
చూడకుంటనే ఏం గాదు అన్నోడు
ఒకడుండె మా షిఫ్టుల.
యాడాదికోసారి ఆని పేరు మీద
రెండు నిమిషాలు నిలబడుతం."

ఫోన్ పెట్టేసి
గ్రైండర్ ఆపుమన్న పోరన్ని.

కంపెనీ రబ్బరు పొరను వాపసు పిలుస్తది,
డబ్బాల పెట్టి పంపితే రసీదిస్తది.
నా నోట్లెకెల్లి పోయిన రెండు మాటలకు
లాట్ నంబరు లేదు.
పదకొండు సార్లు అన్న.
పదకొండేంది, ఇరవై ఏండ్ల సంది అంటనే ఉన్న:
బ్రేకులకు, వైరింగుకు,
ఎంజీఎం దవాఖాన మెట్ల మీద
కాన్పుకు వచ్చిన నా చెల్లెకు.

పది దొరికినయి.
ఇప్పుడు మేడారం జాతర.
పొద్దుగూకంగ పస్రా మూల మీద నిలబడుతున్న,
జేబుల స్పానరు, సంచిల కొత్త రెగ్యులేటరు.
బండెనక బండి,
బంగారమని మొక్కిన బెల్లం ముద్దలు,
కాళ్ళు కట్టిన కోళ్ళు, టాపు మీద నిద్రపోయే పిల్లలు.
పసుపు రంగు కనవడ్డ కాడల్లా చెయ్యెత్తుతున్న.
ఇద్దరు తిట్టిండ్రు.
ఒకడు లిఫ్టు అనుకొని ఎక్కుమన్నడు.

నిన్న ఒకటి ఆగింది. పసుపే గని
గూడు నేను చేసింది గాదు.
లోపల పొయ్యి మీద ఏందో ఉడుకుతున్నది.
కిటికీలకెల్లి ఒక అవ్వ తల బయట పెట్టి
"ఏమాయె కొడుకా, ఏమన్న అయితదా?" అన్నది.

నాలిక మీదికి వచ్చింది పాత మాట.
మింగిన.
"తెల్వదు అవ్వా," అన్న,
"జరంత దిగుండ్రి, చూస్త."